చిన్నదాని సంతకం

మా చిన్నాయన కూతురు నాకంటే ఏడు నెలలు చిన్నది. ఆ ఏడు నెలల తేడాకే ఇంట్లో నన్ను పెద్దది అనీ దాన్ని చిన్నది అనీ పిలిచేవారు. పేరుకే పెద్దదాన్ని. పాలు తాగే స్టీలు గ్లాసు దగ్గర నుంచి టెన్త్ మార్కుల దాకా నాకు ముందు దక్కిందంటూ ఏదీ లేదు. ఎత్తులో మాత్రం దానికంటే రెండు వేళ్లు ఎక్కువ. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఫొటో తీస్తుంటే వెతుక్కుని వెళ్లి మరీ దాని పక్కన నిలబడతాను.

అసూయ అనేది పుస్తకాల మాట. మా ఇళ్లలో కడుపుమంట అంటారు, ఇంకా చిరాకేస్తే కుళ్లు అంటారు. నాది కుళ్లే. దాచినా దాగేది కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రాయచెర్లు దగ్గర మా నాన్నవీ చిన్నాయనవీ పక్కపక్క చేలు. సోలార్ పార్కు వచ్చినప్పుడు రెండూ ఒకే రోజు లీజుకు పోయాయి. మాకు వేరుశనక్కాయ పెరికే పని తప్పింది. అదే ఏడాది ఇద్దరం సైన్సుతో పీయూసీ, అంటే ఇంటర్, ముగించాం. ఏటా బాడుగ వస్తుంది కదా, ఆడపిల్లల్ని చదివిద్దాం అని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. ఇద్దరం నర్సింగ్ అన్నాం. ముందు అన్నది నేను. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

నేను చేసిన తప్పు మా తాలూకా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మాది కర్ణాటకే గానీ పావగడకు మూడు పక్కలా ఆంధ్రానే. మా వాళ్లు రాష్ట్రం చూసి బస్సెక్కరు, దూరం చూసి ఎక్కుతారు. పెళ్లి చీరలకూ, కంటి ఆపరేషన్లకూ, పంటి నొప్పికీ హిందూపురం పోవడం మాకు అలవాటు. కాలేజీకి కూడా అలాగే పోయాను. తుమకూరంటే సగం రోజు ప్రయాణం, కన్నడం, ఇంగ్లీషు, తెలియని మనుషులు. హిందూపురంలో వార్డెన్ కూడా మన మాటే మాట్లాడుతుంది. చిన్నది మాత్రం తుమకూరులో చేరింది. అంత దూరం పోయి ఏం సాధిస్తుందిలే అని నవ్వాను కూడా.

మూడేళ్ల కోర్సు అయిపోయాక మా ప్రిన్సిపాల్ మేడం ఆ రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్ ఫారం నా చేతికిచ్చింది. కౌన్సిల్లో పేరు నమోదై నంబరు వస్తేనే నర్సు, అంతవరకూ చదువుకున్న మనిషి మాత్రమే. నేనేమో మాది కర్ణాటక కదా, మా రాష్ట్రంలోనే చేయించుకుంటాను అని ఫారం తిరిగి ఇచ్చేశాను. బెంగళూరు వెళ్తే అక్కడి కౌంటర్‌లో, చదివిన రాష్ట్రంలో ముందు నమోదు కావాలి, వాళ్ల దగ్గర అభ్యంతరం లేదనే పత్రం తేవాలి, ఆ తర్వాతే ఇక్కడ అన్నారు. మళ్లీ హిందూపురం పోతే, గడువులోపల ఎందుకు రాలేదు, ఇప్పుడు పాత రికార్డులన్నీ తీయాలి అన్నారు. అంతలో మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రెంటికీ చెడ్డ రేవడినై ఇంట్లో కూర్చున్నాను. చిన్నది తుమకూరు నుంచి నేరుగా బెంగళూరుకు అర్జీ పెట్టుకుంది.

ఆ అర్జీ ఫారం పూర్తి చేయడానికి అది మా ఇంటికే వచ్చింది. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని దానికి నమ్మకం. ఆ ఫారంలో అడిగినన్ని ప్రశ్నలు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అడగరు. ఎంత చదివావు, మార్కులెన్ని అని అడిగితే అర్థముంది. నీ మీద కేసులున్నాయా, ఎవరైనా ఫిర్యాదు చేశారా, నీ నడత ఎలాంటిదో తెలిసినవాళ్లు ఎవరు, నీ ఒంట్లో ఈ జబ్బుల్లో ఏదైనా ఉందా, గతంలో ఉండేదా అని ఆ ఫారం వరసగా అడుగుతూ పోయింది. ఆ జబ్బుల జాబితాలో మూర్ఛ దగ్గర నా పెన్ను ఆగింది. చిన్నది నా మొహం చూసింది.

చిన్నప్పుడు దానికి ఫిట్స్ వచ్చేవి. శనక్కాయ చేలో, బడి వరండాలో, ఒకసారి మా ఇంటి గడపలోనే పడిపోయింది. పెద్దవాళ్లు పరిగెత్తుకొచ్చేలోపల దాని పిడికిలి విప్పి తాళంచెవి పెట్టేది నేనే. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని మా నమ్మకం. తగ్గదని తర్వాత పాఠాల్లో చదువుకున్నాను. పదకొండేళ్లు నిండాక దానికి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"ఏం రాద్దామక్కా?" అంది.

"ఇల్ల అని రాస్తా. ఎప్పుడో చిన్నప్పటిది, ఇప్పుడు యాడుండాది?" అన్నాను. లేదు అనే మాటను కన్నడంలో అలా రాసేశాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. ఇది మాత్రం నమ్మండి.

పాపం ఆ తర్వాతి వారం వచ్చింది. చిన్నది తెల్ల కోటు వేసుకుని, మెడలో స్టెత్ వేలాడదీసుకుని దిగిన ఫొటోను స్టేటస్‌లో పెట్టుకుంది. నా ఫోనులో చూస్తే చూసినవాళ్ల లిస్టులో నా పేరు పడుతుందని మా అమ్మ ఫోనులో చూశాను. మళ్లీ చూశాను. మా అమ్మ మంచం మీద నుంచి ఏంది చూస్తాండావు అంటే వంటల వీడియో అన్నాను. కోటు దానికి భుజాల దగ్గర వదులుగా ఉంది. నాకైతే సరిపోయేది. ఆ సాయంత్రం చిన్నాయన వచ్చి, ఇంగ మన ఇంట్లో ఒక నర్సమ్మ ఉంటాది అన్నాడు. నేను మూడేళ్లు చదివి ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన కళ్లకు ఆనలేదు.

మరుసటి రోజు ఎడమ చేత్తో కన్నడంలో ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఫలానా అభ్యర్థికి మూర్ఛరోగముంది, పడినప్పుడు ఎడమ పిడికిలి బిగుసుకుపోతుంది, ఫారంలో దాచిపెట్టింది, ఇలాంటి మనిషి చేతికి పసిబిడ్డల్ని ఇస్తారా అని. పావగడలో వేస్తే పోస్టు ముద్ర పట్టిస్తుందని హిందూపురం వెళ్లి డబ్బాలో వేశాను. మా ఇళ్లలో హిందూపురంలో చదివింది నేనొక్కదాన్నేనని అప్పుడు తట్టలేదు. ఓర్వలేనితనానికి అంత తెలివి ఉండదు.

బెంగళూరు నుంచి దానికి పిలుపు వచ్చింది. నాలుగు నెలలు తిరిగింది. తలకు ఏవేవో పరీక్షలు చేయించుకుని, పెద్ద డాక్టరు దగ్గర పత్రం తెచ్చి ఇచ్చింది. ఆ నాలుగు నెలలూ నేను కడుపునిండా తిన్నాను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ తర్వాత దానికి నంబరు వచ్చింది. కొన్నాళ్లకు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోనే ఉద్యోగమూ వచ్చింది. రోజూ మా వాకిలి ముందు నుంచే స్కూటీ మీద పోయేది. ఆగేది కాదు. మా అమ్మకు బీపీ మాత్రలు ఆశా కార్యకర్త చేత పంపేది. ఉగాదికి ఓళిగలు చేసి వాళ్లమ్మ చేత పంపింది, తను రాలేదు. ఉద్యోగం రాగానే కళ్లు నెత్తికెక్కాయని నేను మా అమ్మతో అన్నాను, వీధిలో అన్నాను, నీళ్ల ట్యాంకు దగ్గర కూడా అన్నాను.

నా సంగతి చెప్పాలి కదా. నంబరు లేకపోయినా చెయ్యి ఊరుకోలేదు. మొదట మా అమ్మకు సూది వేశాను. పక్కింటివాళ్లు చూసి వచ్చారు. ప్యానెళ్లు కడిగే పనివాళ్లు కాలికి ఇనుము గీసుకుపోయిందని టీటీ వేయించుకోవడానికి వచ్చారు. నీరసమంటే గోడ మేకుకు సెలైన్ సీసా తగిలించేదాన్ని. మూడేళ్లలో ఊరు నన్ను సిస్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఉపకేంద్రంలో ఉన్నదాన్ని మాత్రం ఇంకా చిన్నది అనే అనేవారు. ఆ పిలుపు కోసం అర్ధరాత్రి లేపినా లేచేదాన్ని. కాగితాల సంగతి పక్కన పెట్టేశాను.

అప్పుడు పక్క ఊరికి కొత్త ఆరోగ్య కేంద్రం వస్తోందని, నర్సు కావాలని, మా తాలూకా పిల్లలే అయితే మంచిదంటున్నారని తెలిసింది. ఏడాదిలో ఆ కేంద్రం తెరుస్తారు. ఆలోపల నంబరు రాకపోతే మా దగ్గర ఇంకో సర్కారు ఉద్యోగం ఎప్పుడొస్తుందో. పిచ్చిపట్టినట్టు తిరిగి హిందూపురం పని పూర్తి చేశాను, ఆ రాష్ట్రపు నమోదు, అభ్యంతరం లేదనే పత్రం రెండూ తెచ్చాను. కర్ణాటక ఫారం ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ పూర్తయ్యాయి, రెండు తప్ప. ఒకటి, కోర్సు అయిన నాటి నుంచి నేటి వరకు నమోదు లేకుండా వైద్యసేవ చేశారా అన్నది. ఆలోచించకుండా ఇల్ల అని రాశాను. రెండోది, అర్జీదారు నడతను ఐదేళ్లకు మించి ఎరిగిన, కర్ణాటకలో నమోదైన నర్సు ఒకరి సంతకం. పావగడ ఆసుపత్రిలో నర్సులున్నారు గానీ నేను వాళ్లకు తెలియదు. నన్ను ఐదేళ్లకు మించి ఎరిగిన నర్సు ఒక్కతే ఉంది.

రెండు రోజులు మా అమ్మ పోరింది. "సొంత చెల్లెలి లెక్క, అడిగేదానికి ఏం పోయింది?" అని. నాకు ఏం పోతుందో మా అమ్మకు తెలియదు.

గురువారం మధ్యాహ్నం ఉపకేంద్రానికి వెళ్లాను. టీకాల రోజు. బల్ల మీద బాలింతల మధ్య కూర్చున్నాను. చిన్నది తల ఎత్తి చూసింది, కూర్చో అన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ పనిలో పడింది. కావాలనే కూర్చోబెట్టిందనుకున్నాను. పిల్లల తొడలు పట్టుకునే పద్ధతి, సూది దించి తీసే వేగం, ఏడుపు మొదలయ్యేలోపల తల్లి భుజానికి చేర్చడం అన్నీ చూశాను. తప్పు దొరుకుతుందేమోనని చూశాను. ఒక్కటీ దొరకలేదు. అది చెయ్యి కడుక్కున్న ప్రతిసారీ నాకు లోపల ఏదో మండింది.

చివరి బాలింత వెళ్లాక ఫారం దాని ముందు పెట్టాను. మొదటి పేజీ నుంచి చదివింది. సంతకం పెట్టే చోటు చూపించినా అటు చూడలేదు. ఆ ఇల్ల దగ్గర ఆగింది.

"ఇదేందక్కా, ఇట్ల రాసినావు?"

"అందరూ అట్లే రాస్తారు."

"అందరి కింద నా సంతకం లేదు కదా."

 చిన్నదే మళ్లీ అంది: "మూడేండ్ల నుంచి సూదులేస్తాండావు. ప్యానెల్లు కడిగేటోళ్లకు టీటీ ఎవరేసినారు? మా అమ్మకు సెలైన్ ఎక్కిచ్చింది గూడా నువ్వే కదా. ఊరంతా తెలిసిన మాటకు ఇల్ల అంటే, కింద నేనెట్ల సంతకం పెట్టేది?"

"నిజం రాస్తే నంబరిస్తారా?"

"ఇస్తారో లేదో నాకు తెల్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు జారింది. "అయితే పగ తీర్చుకుంటాండావన్నమాట" అన్నాను.

"పగ దేనికక్కా?" అంది చిన్నది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. చిన్నది టీకాల పెట్టె మూత బిగించింది, వాడిన సూదుల డబ్బా పక్కకు జరిపింది, వచ్చి నా పక్కనే బల్ల మీద కూర్చుంది.

"ఆ ఉత్తరం బెంగళూరులో నా చేతికే ఇచ్చి చదువుకోమన్నారు. హిందూపురం ముద్ర చూసినా నువ్వు కాదనుకున్నా. ఎవరో నీ కాలేజీవాళ్లు అనుకున్నా. అయితే ఎడమ పిడికిలి అని రాసుండారు. మా అమ్మకు గూడా తెల్దక్కా ఏ చెయ్యో. తాళంచెవి పెట్టినదానికి తెలుస్తాది."

భూమి బద్దలైతే బాగుండును అంటారు కదా, అలాంటిదేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే మొదట కలిగింది కోపం. ఇన్నాళ్లూ తెలిసీ ఒక్క మాట అనలేదే అని. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, లెక్క సరిపోయేది. పై ఆఫీసుకు ఒక్క ఫోను చేసి ఉంటే నా మేకు, నా సెలైన్ సీసాలు ఏనాడో పోయేవి. అది కూడా చెయ్యలేదు. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. తల ఎత్తలేకపోయాను.

"నీకు కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకుండా ఎట్లుంటాది? నీతో మాట్లాడి మూడేండ్లాయ. నువ్వు చూసుకోలేదా?"

చూసుకున్నాను. దానికి పొగరని పేరు పెట్టి ఊరంతా పంచాను. వాకిలి ముందు స్కూటీ ఆగనప్పుడల్లా లోపల అది ఏడుస్తోందని నాకెలా తెలుస్తుంది? తెలుసుకోవాలని ఉంటే తెలిసేది. నాకు దాని ఏడుపు కాదు, దాని కోటు కనిపించింది.

"మొదట్లో శానా ఏడ్చినా" అంది చిన్నది. "ఆ డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదు, పని చేయొచ్చు అని రాసిచ్చినాక భయం పోయింది. అంతకుముందు ఎవరో ఒకరు ఎప్పుడో చెప్తారని ఉండేది. ఇంగ ఎవరు చెప్పినా ఏం? కాగితం మీదనే ఉండాది. నువ్వు మంచికి రాయలేదు. అయినా నాకు మంచే అయింది."

ఆ మాట నన్ను కొట్టినంత పని చేసింది. కుళ్లుతో చేసిన పని కూడా దానికి కలిసొచ్చింది. చెడు చేయడంలోనూ నేను సరిగ్గా పాసు కాలేదు.

ఫారం నా వైపు జరిపింది. "ఇల్ల కొట్టేసి నిజం రాయి. నంబరు వచ్చేదాకా సూది ముట్టనని గూడా రాయి. నేను సంతకం పెడతా."

"నడత మంచిదని ఎట్ల రాస్తావు నువ్వు?"

"అది నా కాలమ్. నీ కాలమ్ నువ్వు చూసుకో."

నా ముత్యాల దస్తూరీ ఆ రోజు వంకరటింకరగా వచ్చింది. మూడేళ్లుగా ఊళ్లో సూదులు వేశాను, సెలైన్ పెట్టాను, అనుమతి లేదు, తప్పని తెలుసు, నమోదు అయ్యేవరకు చెయ్యను అని రాశాను. చిన్నది రెండుసార్లు చదివింది. తన నంబరు వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టింది. నడత అన్నచోట ఏం రాసిందో నేను చూడలేదు. బస్సులో కూర్చున్నాక కూడా ఆ పేజీ తిప్పలేదు.

బెంగళూరు కౌంటర్‌లో ఉన్నాయన ఆ కాలమ్ చదివి కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "యారమ్మా నిమగె హీగె బరియోకె హేళిద్దు?" అన్నాడు. ఎవరు నిన్నిలా రాయమన్నది అని. మా చెల్లెలు అన్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆ మాట నా నోట వచ్చింది. ఆయన ఫారం పక్కన పెట్టాడు. ప్రమాణపత్రం అడిగారు, ఒకసారి పిలిపించి మళ్లీ అడిగారు. చివరికి ఎనిమిది నెలలకు నంబరు ఇచ్చారు. ఆ కేంద్రం తెరవడానికి ఇంకా కొద్ది వారాలు మిగిలాయి.

కానీ ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో ఎవరికీ చెప్పలేదు. ముట్టనని రాసిచ్చాను కదా. గోడ మేకు పీకేశాను, సూదుల డబ్బా చిన్నదానికే అప్పగించాను. ఆ విషయం ఊరికి తెలియదు. మామూలుగానే వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్లకూ నా నోటితో నేనే దాని దగ్గరికి పొమ్మని చెప్పాలి. మొదటి వారం జ్వరమని చెప్పి తలుపు తీయలేదు. లేని జ్వరం ఎన్నాళ్లుంటుంది?

రెండో వారం మా వీధి చివరి అవ్వ వచ్చింది. మోకాళ్ల నొప్పులు, నెలకొకసారి నా దగ్గర సూది వేయించుకునేది. కర్ర గోడకు ఆనించి, గడప మీద కూర్చుని, చీర భుజం మీంచి జరుపుకుంది.

"పెట్టు మే సిస్టరమ్మా, నిన్నటి నుంచి లేయలేకుండా ఉండా."

"నేను పెట్టకూడదవ్వా. ఉపకేంద్రానికి పో. చిన్నది ఉండాది, మందు చూసి ఇస్తాది."

"ఆ పిల్ల దగ్గరికా?" అవ్వ మొహం చిట్లించింది. "దాని హస్తవాసి ఎట్లుంటాదో ఏమో. నాకు నీ చెయ్యి పడితేనే తగ్గేది. మీ ఇద్దరిలో నీదే మంచి చెయ్యని నేను అందరితో చెప్తాండా."

పుట్టిన నాటి నుంచి ఒక్కరైనా అంటారేమోనని కాచుకున్న మాట అది. ఎవరూ అనలేదు. మా నాన్న అనలేదు, చిన్నాయన అనలేదు, బడిలో అయ్యవారు అనలేదు. ఇప్పుడు అవ్వ గడప మీద కూర్చుని అంటోంది. నేను చెయ్యవలసింది ఏమీ లేదు, ఊరుకుంటే చాలు. వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా వింటున్నారు.

"లేదవ్వా" అన్నాను. "నాకంటే దాని చెయ్యే మంచిది."

అవ్వకు సరిగ్గా వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏందీ అంది. ఈసారి గట్టిగా చెప్పాను.